1968 అంబాసిడర్‌ను కస్టమ్‌గా కట్టించుకుంటే హైదరాబాద్‌లో రోజూ నడపొచ్చా?

అడిగింది ఇదీ: మార్క్ 2 అంబాసిడర్ ఒకటి బేరంలో ఉంది, 1968ది. కొత్త ఇంజన్, ఏసీ, డిస్క్ బ్రేకులు, లెదర్ సీట్లతో దగ్గరుండి కట్టించుకుని మాదాపూర్ ఆఫీసుకు రోజూ వెళ్లొచ్చా, లేక లక్షలు దండగేనా అని.

వారానికి రెండు రోజులైతే హాయిగా నడపొచ్చు. రోజూ అంటే వద్దు. అయితే ఇంజన్, ఏసీల కంటే ముందు తేల్చుకోవాల్సింది కాగితాల సంగతి. చాలామంది షెడ్డుకి అడ్వాన్సు ఇచ్చాకే అది గుర్తుకు తెచ్చుకుంటారు.

పాత కారును ఉన్నదున్నట్టు నిలబెట్టుకోవచ్చు, లేదా పైకి పాతది, లోపల కొత్తదిగా చేసుకోవచ్చు. ఈ రెండో రకాన్నే రెస్టోమోడ్ అంటున్నారు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మారకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అని వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. కానీ ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి లేదు. ర్యాలీ, ప్రదర్శన, పెట్రోలు, రిపేరు లాంటి పనులకే రోడ్డెక్కాలి. అంటే ఆఫీసుకు వెళ్లాలనుకుంటే మామూలు ఆర్‌సీ మీదే ఉండాలి. దాన్ని ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 10,000 అయింది, ఇంపోర్టెడ్ అయితే 80,000.

ఇక మార్పుల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పట్టుబడితే ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. రూఫ్ కోసి కన్వర్టిబుల్ చేయడం, ఛాసిస్ నరకడం, జపాన్ కారు ఇంజన్ దించడం లాంటివి ఇన్‌స్టాగ్రామ్‌లో చూడ్డానికి బాగుంటాయి, ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుకు ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లినప్పుడు కాదు. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.

అందుకే నా లెక్క ఒకటే: వెనక్కి తిప్పుకోగలిగే మార్పులే చేయండి. బోల్టు విప్పితే పోయేది, బోల్టు బిగిస్తే వచ్చేది. కట్టర్, వెల్డింగ్ రాడ్డు తుప్పు పట్టిన చోటే వాడాలి. విప్పిన ప్రతి పాత పార్టుకూ ట్యాగు కట్టి డబ్బాలో దాచండి. రేపు ‘వీఏ’ నంబరుకు వెళ్లాలన్నా, అమ్మాలన్నా ఆ డబ్బాకు సగం కారంత విలువ ఉంటుంది.

అమెరికాలో సింగర్ అనే సంస్థ 964 మోడల్ పోర్షే 911లను ఒలిచి కొత్తగా కట్టి ఇస్తుంది, ధర కోట్లలోనే. అలాంటిది తెప్పించుకుందామా అంటే, మన దిగుమతి నిబంధనల్లో సెకండ్ హ్యాండ్ కారు తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి. 964 తయారీ 1994తోనే ఆగిపోయింది. కాబట్టి మనకు మిగిలేవి ఇక్కడే పుట్టిన, ఇక్కడే పెరిగిన బళ్లు. అదేం తక్కువ కాదు. చౌమహల్లాలో నిజాం రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. ఛాసిస్ ఒకరిది, దానిమీద బాడీ కట్టింది మరొకరు. డబ్బున్నవాళ్లు కారును కుట్టించుకోవడం కొత్త సంగతేం కాదు.

బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం, టార్చి, పాత దుప్పటి పట్టుకెళ్లండి. రంగు మందం కొలిచే గేజ్ దొరికితే ఇంకా మంచిది. రీడింగు 100–150 మైక్రాన్లుంటే ఒరిజినల్ రంగు, 300 దాకా ఉంటే మళ్లీ రంగేశారు, వెయ్యి దాటిందంటే కింద పుట్టీ. అంబాసిడర్‌లో తుప్పు దాక్కునే చోట్లు ఇవీ: మ్యాటు కింద ఫ్లోర్, డోర్ల కింద ఫుట్‌బోర్డు, ముందద్దం కింది మూలలు, డిక్కీలో స్టెప్నీ గుంట, డోర్ల అడుగు అంచు. మ్యాటు ఎత్తనివ్వకపోతే బేరం అక్కడే ఆపేయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టించండి. ముందే వేడెక్కించి పెట్టారంటే ఏదో దాస్తున్నట్టే. కంప్రెషన్ గేజ్‌తో (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది) నాలుగు సిలిండర్లూ చూడండి, వాటి మధ్య తేడా పది శాతం దాటకూడదు. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోల్చండి. ఇంజన్ బాగుచేయొచ్చు, తుప్పు కోసి వేయొచ్చు, కాగితాలు తేడా ఉన్న బండిని మాత్రం ఏమీ చేయలేం.

ఇంజన్ మార్చాలన్న కోరిక గురించి. 1990లలో కంపెనీయే అంబాసిడర్‌లో 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్, ఐదు గేర్ల బాక్సు వేసింది. చాలామంది దాన్నే పాత బండిలో దించుతారు. మీరూ అదే అనుకుంటే ఆర్టీఏ అనుమతి ముందు, స్పానర్ తర్వాత. నేనైతే పాత 1489 సీసీ ఇంజన్‌నే ఉంచుతాను. ఇసుజుతో గేరు కర్ర కింద ఫ్లోర్ మీదికి వస్తుంది, స్టీరింగ్ పక్కన గేరు పోతుంది, దాంతో ముందు బెంచీ సీటు మజా కూడా పోతుంది. ఇక మిగిలేది బరువైన మామూలు కారే.

పాత ఇంజన్ విప్పినప్పుడు బోరు (సిలిండర్ లోపలి గోడ) అరుగుదల కొలిచి తదుపరి ఓవర్‌సైజ్ పిస్టన్లకు బోర్ చేయిస్తారు. పది, ఇరవై, ముప్పై, నలభై థౌ (అంగుళంలో వెయ్యో వంతు) మెట్లు ఉంటాయి. నలభై అయిపోయి ఉంటే లైనర్లే (సిలిండర్‌లో దించే కొత్త గొట్టాలు) దారి. హెడ్ విప్పారు కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్ రింగులు వేయించండి. ఈ ఇంజన్ లెడ్ కలిసిన పెట్రోలు కోసం చేసింది, అది 2000 నుంచి లేదు. గట్టి సీట్లు లేకపోతే వాల్వులు మెల్లగా హెడ్‌లోకి దిగబడి, ట్యాపెట్ గ్యాప్ తగ్గిపోయి, చివరికి వాల్వు కాలుతుంది. ట్యాపెట్ గ్యాప్ 15 థౌ, ప్లగ్గుల స్పార్క్‌ను నడిపే పాయింట్ల గ్యాప్ 14 నుంచి 16 థౌ. ఆయిల్ 20డబ్ల్యూ50 మినరల్. కొత్త కార్ల పలుచటి సింథటిక్ పోస్తే పాత సీళ్లు కారొచ్చు. మొదటి 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, హెడ్ బోల్టులు మళ్లీ సరైన బిగువుకు టార్క్ చేయించండి.

ఇప్పుడు అసలు తలనొప్పి పెట్రోలు. బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. పాత రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రమ్, కార్క్ ప్యాకింగులు దాంతో ఉబ్బి, మెత్తబడి, చీలిపోతాయి. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారిందంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైపులన్నీ ఎస్ఏఈ జే30ఆర్9 (పెట్రోలు పైపుల ప్రమాణం) గుర్తు ఉన్నవి వేయించండి. పంపు కిట్, కార్బురేటర్ నీడిల్ ఇథనాల్‌కు తట్టుకునేవి కావాలి. ఇథనాల్ వల్ల గాలి, పెట్రోలు మిశ్రమం పలుచబడుతుంది కాబట్టి కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ ఒకట్రెండు సైజులు పెంచి, ప్లగ్గు రంగు చూసుకోవాలి. తెల్లగా ఉంటే ఇంకా పలుచన, నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది, లేత ఇటుక రంగు ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఈ పెట్రోలు తేమను పీలుస్తుంది, నెలల తరబడి నిలబెట్టిన బండిలో నీరు అడుగుకు చేరి ట్యాంకు తుప్పు పడుతుంది.

మే నెలలో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పాత బండి ఆగిపోతే బ్యాటరీని తిట్టకండి, తొంభై శాతం అది వేపర్ లాకే. మెకానికల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది, ఆ వేడికి లైన్లోనే పెట్రోలు ఆవిరై పంపు గాలి లాగుతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే మళ్లీ లేస్తుంది. శాశ్వతంగా పోవాలంటే ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టించాలి. కానీ 3 పీఎస్ఐ ఒత్తిడి చుట్టూ ఇచ్చేదే తీసుకోండి. ఇంజెక్షన్ కారు పంపు పెడితే నీడిల్ తట్టుకోలేక కార్బురేటర్ పొంగుతుంది. కార్బురేటర్‌కీ మ్యానిఫోల్డ్‌కీ మధ్య వేడి పాకకుండా బేకలైట్ ప్యాకింగు ఒకటి పెట్టించండి. రేడియేటర్ రాగి కోర్ మార్పించి గొట్టాల వరస పెంచితే చాలు. ఇంజన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పీకేయమనే మెకానిక్ మాట వినొద్దు.

కరెంటు లెక్క కూడా చూడండి. పాత డైనమో పూర్తి వేగంలో ఇచ్చేది 22 ఆంపియర్లు, సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. రెండు 60 వాట్ల హెడ్‌లైట్లకే పది ఆంపియర్లు పోతాయి, ఎలక్ట్రిక్ ఫ్యానుకు మరో పది పన్నెండు. దానిమీద ఏసీ బ్లోయర్ వేశారంటే బ్యాటరీ చతికిలబడ్డట్టే. 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ డైనమో బ్రాకెట్ మీదే కూర్చోబెట్టొచ్చు. వైరింగు మొత్తం కొత్తగా వేయించండి, హెడ్‌లైట్లకు రిలేలు, ప్రతి సర్క్యూట్‌కు వేరే ఫ్యూజు పెట్టించండి. ఆ కాలం బళ్లలో చాలావాటికి మొత్తం రెండే ఫ్యూజులు. కార్లు కాలిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఏసీ పెట్టుకోండి, కాదనను, కానీ యాభై గుర్రాల ఇంజన్ మీద కంప్రెసర్ పడ్డాక ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కాలికి తెలుస్తుంది.

బ్రేకులకు, తర్వాతి అంబాసిడర్లలో వచ్చిన ముందు డిస్కులను స్టబ్ యాక్సిల్‌తో (చక్రం కూర్చునే ఇరుసు ముక్క) సహా తెచ్చి వేస్తారు. ఇందులో రెండు తప్పులు మామూలుగా జరుగుతాయి. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్‌నే (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసేది) ఉంచితే అందులోని వాల్వు లైన్లో కాస్త ఒత్తిడి ఆపేసి డిస్కులు పట్టేసుకుంటాయి. పెడల్‌ను తేలిక చేసే బూస్టర్ లేకపోతే పెడల్ రాయిలా ఉంటుంది. రెండు లైన్ల ట్యాండెం మాస్టర్ తప్పనిసరిగా వేయించండి. పాత ఒకే లైన్ సిస్టమ్‌లో ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు.

రంగు పని జూన్ నుంచి సెప్టెంబరు దాకా పెట్టొద్దు. రంగంతా ఒలిచిన రేకు మీద ఆ తేమకు సాయంత్రానికే నారింజ రంగు తుప్పు పొర వస్తుంది. ఒలిచిన రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. మన దగ్గర చాలా షెడ్లలో పుట్టీని వాటర్ పేపరుతో రుద్దుతారు. పుట్టీ స్పాంజిలాంటిది, నీళ్లు లోపల ఉండిపోతాయి. డెలివరీ రోజు అద్దంలా ఉన్న బానెట్ మీద ఆరు నెలలకు గోరుతో గీరితే లేచే చిన్న బొబ్బలు కనపడేది అందుకే. పుట్టీ మూడు మిల్లీమీటర్లు దాటిందంటే అక్కడ డెంటింగ్ సరిగ్గా చేయలేదని అర్థం. క్రోమ్ పనికి రాగి, నికెల్, ఆ తర్వాతే క్రోమ్. నేరుగా క్రోమ్ ముంచిన బంపరు ఒక్క వానాకాలం కూడా ఆగదు.

చిన్న పార్టులకు రాణిగంజ్, పుత్లీబౌలి చుట్టూ తిరగాల్సిందే. పాత పార్టు చేతిలో పట్టుకెళ్లండి, ఫోటో చూపిస్తే దగ్గర్లోది అంటగడతారు. ఇన్సూరెన్స్‌లో ఐదేళ్లు దాటిన కారు విలువ కంపెనీ, మీరు మాట్లాడుకుని నిర్ణయించుకునేదే. వాల్యుయర్ రిపోర్టు, బిల్లులు, ఫోటోలు పెట్టి రాయించుకోకపోతే ప్రమాదం జరిగాక అంబాసిడర్ పాత ఇనుము ధర చెబుతారు. అమ్మకం మాత్రం ఖర్చుపెట్టిన దాంట్లో సగం వచ్చినా సంతోషించాలి, మీ అభిరుచికి అవతలివాడు డబ్బివ్వడు.

షెడ్డుకి డబ్బు పని ముగిసిన మెట్టుకే ఇవ్వండి: రంగు ఒలిచాక, డెంటింగ్ అయి పుట్టీకి ముందు, ప్రైమర్ తర్వాత, ఇంజన్ స్టార్టయ్యాక, 300 కిలోమీటర్లు నడిపాక. పుట్టీకి ముందు రేకు చూడ్డానికి మీరే వెళ్లండి. మొత్తంలో మూడో వంతు ముందే పక్కన పెట్టుకోండి, ఒలిచాక బయటపడే తుప్పుకు అది కావాలి. బండి వచ్చాక అపార్ట్‌మెంట్ సెల్లార్లో పెట్టేట్టయితే పెద్ద వానకు నీళ్లు చేరే వైపు కాకుండా ర్యాంపు దగ్గర చోటు అడిగి తీసుకోండి, ప్లాస్టిక్ కవరు కాకుండా గుడ్డ కవరే కప్పండి.