చేపలు చావలేదంటే మందు చేరనట్టేనా?

ప్రశ్న: సార్, మాది టెక్కలి దగ్గర పల్లె. రెండెకరాల్లో శ్రీకాకుళం సన్నాలు వేశాం. పొలం దిగువన గుంటలో బొచ్చెలు, శీలావతులు వదిలాం. కొర్రమీను దానంతటదే చేరింది. వరికి పట్టిన దోమకు రెండుసార్లు పురుగుమందు కొట్టాను. పొలంలో మురుగునీరు ఆ గుంటలోకే పోతుంది, అయినా ఒక్క చేపా చావలేదు. చేపల్లో మందు పేరుకుంటుందని, గేదె పాలలోకీ దిగుతుందని మా అబ్బాయి తినొద్దంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు కూడా ఇందువల్లే అంటున్నారు. ఇంకో మాట, అటక మీద నాన్న కాలం నాటి గమాక్సిన్ అనే పురుగుమందు పొడి అరబస్తా ఉంది. కందులకు పురుగు పట్టకుండా కలపవచ్చా?

జవాబు: ముందు చివరి మాటకు చెబుతాను. ఆ పొడి కందుల్లో కలపకండి. ఆ బస్తాను పిల్లలు అందుకోని చోట ఉంచి, తర్వాత మిగతాది చదవండి.

మీ అబ్బాయి భయం ఊరికే వచ్చింది కాదు. అలాగని గుంటలో చేపలన్నీ పారబోయనక్కర్లేదు. అన్ని మందులూ ఒక్కలా పేరుకోవు.

ఉద్దానం వైపు పనసకాయ కోసేటప్పుడు ముందే చేతులకు, కత్తికి నూనె రాసుకుంటారు. పనస జిగురు ఎన్ని నీళ్లు పోసి కడిగినా వదలదు, నూనెతో రుద్దితే వదులుతుంది. డిడిటి, గమాక్సిన్ వంటి పాత మందులదీ అదే గుణం. నీళ్లలో దాదాపు కరగవు, కొవ్వులో బాగా కరుగుతాయి. అందుకే ఒంట్లోకి వెళ్లినవి మూత్రంతో బయటకు పోక కొవ్వులో నిలిచిపోతాయి. రోజూ వచ్చేది గోరంతే అయినా, పోయేది అంతకన్నా తక్కువ కాబట్టి నిల్వ పెరుగుతూనే ఉంటుంది.

గుంటలో జరిగేది చూడండి. నీటిలోని మందును పాచి పీల్చుకుంటుంది. ఆ పాచిని నీటిపురుగులు, వాటిని చిరుచేపలు తింటాయి. కొర్రమీను ఆ చిరుచేపలను వందల కొద్దీ మింగుతుంది, వాటన్నిటి వాటా దాని ఒంట్లో చేరుతుంది. అమెరికాలో క్లియర్ లేక్ అనే సరస్సులో ముసిరే చిన్న పురుగులను చంపడానికి 1949 నుంచి 1957 వరకు మూడుసార్లు డిడిటికి తోబుట్టువు లాంటి డిడిడి కలిపారు. 1950ల్లో కలిపినప్పుడు అయిదు కోట్ల పాళ్ల నీటికి ఒక్క పాలు మాత్రమే. చేపలను తిని బతికే నీటిపిట్టలు తర్వాత చచ్చి తేలాయి. వాటి కొవ్వులో ఆ మందు పది లక్షల పాళ్లకు 1600 పాళ్లు ఉంది. అంటే నీటిలో కంటే 80 వేల రెట్లు.

మీకు దగ్గర్లోనే తేలినీలాపురం ఉంది కదా. అక్కడ చింతచెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్లను చూసినప్పుడల్లా నాకు 1970 ప్రాంతంలో కాలిఫోర్నియా తీరంలో జరిగింది గుర్తొస్తుంది. డిడిటి విరిగితే వచ్చే పదార్థం వల్ల అక్కడి పెలికాన్ల గుడ్ల పెంకు పలచబడిపోయింది. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్లు చితికిపోయాయి. తల్లి పక్షులు మాత్రం బతికే ఉన్నాయి. అందుకే చేపలు చావలేదన్న ఒక్క మాటతో నేను నిశ్చింతగా ఉండలేను. చంపేంత మోతాదు చేరలేదని మాత్రమే దాని అర్థం.

ఇక మీరు కొట్టిన మందు సంగతి. మన దేశంలో వ్యవసాయానికి డిడిటిని 1989లో ఆపేశారు. ఎండోసల్ఫాన్ అనే మరో పురుగుమందును 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. ఇప్పుడు దోమకు వాడే మందులు చాలావరకు ఎండకు, నీటికి, మట్టిలోని సూక్ష్మజీవులకు విరిగిపోతాయి, డిడిటిలా ఏళ్ల తరబడి కొవ్వులో కూర్చోవు. కానీ కొట్టిన కొత్తలో నీళ్లలో కలిస్తే కొన్ని చాలా ప్రమాదం. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులైతే చేపలకు కాలకూటమే. పైగా వరిలో వాటిని కొడితే దోమ తగ్గకపోగా మళ్లీ విజృంభిస్తుంది.

కాబట్టి మందు కొట్టే ముందే గుంట వైపు నీరు పోయే మడవ కట్టేయండి. కనీసం వారం పాటు ఆ నీరు మడిలోనే ఉండాలి, డబ్బా మీద ఇంకా ఎక్కువ రోజులు రాసుంటే అన్నాళ్లూ ఉంచండి. స్ప్రేయర్‌ను గుంట గట్టున కడిగే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. ఈ సీజన్‌లో చివరిసారి మందు కొట్టి కొన్ని వారాలు గడిచాకే చేపలు పట్టండి. ముందు బొచ్చె, శీలావతి తినండి, చేపల్ని తినే కొర్రమీనును తగ్గించండి. పేగులు, పొట్ట దగ్గరి కొవ్వు, తోలు తీసేసి వండండి. పులుసు ఎంత మరిగినా డిడిటి లాంటివి పోవు.

గేదె విషయంలోనూ ఇదే సూత్రం. కొవ్వులో కరిగే మందు మేతతో లోపలికి వెళితే వెన్నతో పాటు పాలలోకి దిగుతుంది. ఆ పాలు మొదట తాగేది దూడ. మందు కొట్టిన మడి గట్ల మీద గడ్డి కోసి వేయకండి. వరిగడ్డి కోసమైనా సరే, చివరి మందుకూ కోతకూ మధ్య డబ్బా మీద రాసిన గడువు తప్పనిసరి.

ఉద్దానం జబ్బును దీనికి ముడిపెట్టకండి. ఇదీ కారణమని ఒక్కదాన్ని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

మళ్లీ ఆ బస్తా దగ్గరికి వస్తాను. గమాక్సిన్ అంటే బిహెచ్‌సి, 1997లోనే నిషేధించారు. కందుల్లో కలిపితే నేరుగా పప్పులోకి, పప్పులోంచి మీ ఇంటిల్లిపాది ఒంట్లోకి వస్తుంది. గుంటలో పారబోసినా, నూతి పక్కన పాతిపెట్టినా, కాల్చినా ప్రమాదమే. చేతులకు ప్లాస్టిక్ సంచులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చినగని రెండు సంచుల్లో బిగించి, పైన విషమని రాయండి. మీ రైతు సేవా కేంద్రంలో చెప్పి ఎలా అప్పగించాలో కనుక్కోండి. కందులు గలగలలాడేలా ఎండబెట్టి, గాలి చొరబడని డబ్బాల్లో పోసుకుంటే చాలు.

ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి ఒకసారి రండి. వచ్చేటప్పుడు ఈ పంటకు కొట్టిన మందుల ఖాళీ డబ్బాల లేబుళ్లను ఫోన్‌లో ఫొటో తీసుకుని రండి. ఏ మందో తెలిస్తే చేపలకు ఎన్నాళ్లు ఆగాలో రోజులతో సహా చెప్పవచ్చు.