తిరిగొచ్చే నౌకకు మొద్దు ముక్కు ఎందుకు?

ప్రశ్న: బీటెక్ మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నాను. అంతరిక్షం నుంచి దిగే క్యాప్సూల్ ముక్కు సూదిగా ఉంటే గాలిని సులువుగా చీల్చుకు రాదా? ఈ రంగంలోకి రావాలంటే ఇప్పుడు ఏం మొదలుపెట్టాలి? (పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: సులువుగా చీల్చుకు రావడమే ప్రమాదం. కక్ష్యలో వేగం సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్లు. అంటే క్యాప్సూల్‌లో కిలోకు 30 మెగాజౌళ్ల శక్తి. దాంతో 12 కిలోల నీళ్లు పూర్తిగా ఆవిరైపోతాయి. ఆ శక్తిని గాలికే వదిలేసి రావాలి. మొద్దు ముక్కుకు ఎదురుగా షాక్ వేవ్ (ఒక్కసారిగా ఒత్తుకుని కాగిన గాలి అంచు) ఎడంగా నిలుస్తుంది, కాగిన గాలి చాలావరకు పక్కలకు జారిపోతుంది. 1950ల మొదట్లో అమెరికాలోని ఏమ్స్ విమాన పరిశోధన కేంద్రంలో ఇంజినీరు జూలియన్ అలెన్ తేల్చింది ఇదే. ముక్కు వ్యాసార్ధం నాలుగింతలైతే కొనకు గాలి నుంచి తగిలే వేడి సగమవుతుంది. చంద్రుడి నుంచి సెకనుకు 11 కిలోమీటర్ల వేగంతో వచ్చేటప్పుడు మాత్రం షాక్ పొర వెలుగు కూడా కాలుస్తుంది, లెక్క మారుతుంది.

కక్ష్య నుంచి తిరిగొచ్చిన ఇస్రో ప్రయోగ క్యాప్సూల్ ఎస్ఆర్ఈ-1నే చూడండి. 550 కిలోలు. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి వెళ్లి 22న బంగాళాఖాతంలో దిగింది. ముక్కుకు కాలి అరిగే కార్బన్ ఫినాలిక్, మిగతా ఒంటికి సిలికా టైళ్లు. టైళ్ల మధ్య సందు పెరిగినా, ఒకటి కాస్త పైకి లేచినా వేడి గాలి లోపలికి దూరుతుంది. అందుకే అతికించే పని దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి.

మీరు గ్యాస్ డైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ గట్టిగా చదవండి. తర్వాత క్యాప్సూల్ దిగే దారికి పైథాన్‌లో చిన్న లెక్క రాయండి: ఎత్తు 120 కిలోమీటర్లు, వేగం 7.8, దిగే కోణం 6 డిగ్రీలు, లెక్కలో ఒక్కో అడుగుకు 0.1 సెకను. గరిష్ఠ మందగమనం (వేగం తగ్గే రేటు) 17 జీ, అంటే భూమి గురుత్వ త్వరణానికి 17 రెట్ల దరిదాపుల్లో రావాలి. పొంతన లేని అంకె వస్తే ముందు కోణాన్ని రేడియన్లలోకి మార్చారో లేదో చూడండి. ఇప్పుడు బరువు రెట్టింపు చేయండి. జీ దాదాపు మారదు, అది వచ్చే ఎత్తు తగ్గుతుంది. ఎందుకో కాగితం మీద సాధించి చూపగలిగితే ఇంటర్వ్యూలో మీ మాటకు బలం ఉంటుంది.

ప్రశ్న: ఇంజిన్ల వైపు వెళ్తే రీఎంట్రీకి (వాతావరణంలోకి తిరిగి దిగే పనికి) దూరమవుతానా?

జవాబు: దిగడం మొదలయ్యేదే ఇంజిన్‌తో. 300 కిలోమీటర్ల కక్ష్యలోని 500 కిలోల క్యాప్సూల్ వేగాన్ని సెకనుకు 100 మీటర్లు తగ్గించాలంటే హైడ్రజీన్ అనే ఇంధనం సుమారు 22 కిలోలు కావాలి. భారరహిత స్థితిలో ఇంధనం ట్యాంకు నోటి దగ్గర ఉండదు. డయాఫ్రం (ట్యాంకులోని సాగే పొర) దాన్ని నొక్కి పట్టాలి. గొట్టంలోకి వాయువు బుడగ వస్తే ఇంజిన్ తోపుడు బలం తగ్గి, దిగే చోటు ముందుకు జరిగిపోతుంది. ఇంజిన్ మొదలుపెట్టే ముందు, హైడ్రజీన్‌ను వేడి వాయువులుగా విడగొట్టే ఉత్ప్రేరక గుళికలను హీటరుతో వేడిచేయాలి. చల్లగా ఉండగా మొదలుపెడితే పీడనం ఒక్కసారిగా ఎగిసి ఆ గుళికలు నలిగిపోతాయి.