పదిహేడు మార్కుల సంగతి

చిరంజీవి మేనల్లుడికి, అత్త ఆశీస్సులు.

రాత్రి పన్నెండున్నరకు నువ్వు నింపి పంపిన ఆందోళన ప్రశ్నావళి ఫొటో పొద్దున్నే చూశాను. 'నాకు 17 వచ్చింది అత్తా, తీవ్రం అంటోంది' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ముప్పై ఏళ్లు వార్డుల్లో తిరిగిన నర్సును కదా, ఆ అంకె కంటే ముందు నువ్వు దాన్ని నింపిన వేళే నా కంట పడింది. మర్నాడు ఇంటర్వ్యూ పెట్టుకుని అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుంటే ఎవరికి మాత్రం తక్కువ వస్తుంది?

నువ్వు నింపింది జీఏడీ-7, ఆందోళన ఎంత ఉందో చూసే కాగితం. స్పిట్జర్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు 2006లో ప్రచురించిన ప్రశ్నావళి. ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 21. అయిదు నుంచి స్వల్పం, పది నుంచి మధ్యస్థం, పదిహేను నుంచి తీవ్రం. ఇదంతా నీకు తెలుసు. కానీ అది 'ఎంత భయం వేసింది' అని అడగదురా, గత రెండు వారాల్లో 'ఎన్ని రోజులు' అని అడుగుతుంది. ఒక రాత్రి ప్రాణం పోతుందేమో అన్నంత కంగారు పుట్టినా, మిగతా రోజులు మామూలుగా గడిచి ఉంటే అక్కడ వేయాల్సింది 1. సగానికి పైగా రోజులు ఉంటే 2, దాదాపు రోజూ ఉంటేనే 3. నువ్వు ఆ రాత్రి ఒక్కటే తలుచుకుని వరసగా మూడ్లు వేసుకుంటూ పోయావని నా అనుమానం.

క్యాలెండరు ముందు పెట్టుకుని, పగటిపూట, ఒక్కో రోజు ఎలా గడిచిందో గుర్తు చేసుకుంటూ మళ్లీ నింపు. ఆరో ప్రశ్న, అదే చిరాకు గురించినది, నీ గదిలో ఉండే స్నేహితుణ్ణి అడిగి నింపు. నేను రిటైరైన ఏడాది ఇదే కాగితం నింపితే 4 వచ్చింది. చిరాకు దగ్గర సున్నా వేసుకున్నాను. మీ మామయ్య అది చూసి మాట్లాడకుండా సున్నా కొట్టేసి 3 వేశారు. ఆయన మీద కూడా అరిచాననుకో, అది వేరే కథ.

ఇంకో సంగతి. గుండె దడ, కడుపులో తిప్పడం, చేతులు వణకడం ఆ ఏడింటిలో ఎక్కడా లేవు. మనవాళ్లు ఆందోళన అని ఎక్కడ చెబుతారు? గాభరా అంటారు, గ్యాస్ అంటారు, ఈసీజీ తీయించుకుంటారు. నేనూ తీయించుకున్నాను, బాగానే ఉంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, కాఫీలు మితిమీరినా ఇదే దడ, ఇదే వణుకు. అందుకే డాక్టరు రక్తపరీక్ష రాస్తే విసుక్కోకు.

ఏడు ప్రశ్నల కింద మార్కులు లేని ప్రశ్న ఒకటి ఉంటుంది: వీటివల్ల పని, ఇల్లు, మనుషులతో మెలగడం ఎంత కష్టమైంది అని. నువ్వు దాన్ని ఖాళీగా వదిలేశావు. నన్నడిగితే ముందు చూడాల్సింది అదే. 8 వచ్చినా ఆఫీసు మెట్లెక్కలేకపోతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. మళ్లీ నింపినప్పుడు 10 గానీ అంతకు మించి గానీ వస్తే, పని సాగుతున్నా సరే వెళ్లు. జబ్బు ఉందో లేదో తేల్చేది డాక్టరే, కాగితం కాదు.

చచ్చిపోవాలనిపిస్తోందా అని ఈ కాగితం అడగదు. నేను అడుగుతున్నాను. అలాంటి తలపు వస్తే లెక్కలు పక్కన పడేసి ఏ వేళైనా నాకు ఫోను చేయి. నేను ఎత్తకపోతే 14416, టెలీ మానస్, మనసు బాధలకు ప్రభుత్వం నడిపే సహాయ ఫోను, రాత్రింబగళ్లు పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆదివారం పొద్దున ఫోను చేస్తాను. కొత్త కాగితం చేతిలో పెట్టుకో. రోజుకు ఎన్ని కాఫీలో కూడా దాని వెనక రాయి, తగ్గించి రాయకు.

మీ అత్త