ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

సిమెంటు ఫ్యాక్టరీ సభలో మైకు ముందు నిలబడతానన్నావట. మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. ఆమెను సముదాయించి ఫోన్ పెట్టేశాక ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను, మా పిల్లకు ధైర్యం ఉందని. ఆ తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

పేపర్లో వచ్చిన ప్రకటన కత్తిరించి దాచుకో. ప్రకటన వేసిన రోజు నుంచి అభ్యంతరాలు చెప్పడానికి కనీసం 30 రోజులు గడువు ఇవ్వాలని, పర్యావరణ అనుమతుల మీద కేంద్రం తెచ్చిన 2006 నాటి నోటిఫికేషన్లోనే ఉంది. అది వాళ్లు దయతలచి ఇచ్చేది కాదు. వేళ్ల మీద లెక్కపెట్టుకో. ఫ్యాక్టరీ వల్ల నీళ్లకూ గాలికీ ఏమవుతుందో కంపెనీ రాయించిన నివేదిక కలెక్టరాఫీసులోనూ జిల్లా పరిషత్తులోనూ చూడొచ్చు.

తెలుగు సారాంశం చదివేసి అంతా తెలిసిందనుకోకు. అసలు నివేదిక తెరిచి, నీళ్లూ గాలీ ఏ నెలల్లో పరీక్షించారో చూడు. చాలా నివేదికలకు వానాకాలం వదిలేసి ఒక్క కాలంలో కొలతలు తీస్తే సరిపోతుంది. మన వాగు మార్చిలో ఎలా ఉంటుందో నీకు తెలుసుగా, ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఆ నెలలో వచ్చి చూసినవాడు అక్కడ వాగు ఉందని ఎందుకు రాస్తాడు? శ్రావణంలో పొంగినప్పటి ఫొటోలు నీ దగ్గరుంటే తేదీ వేసి జతచెయ్యి.

ఇక అసలు సంగతి. పక్క మండలంలో గని కోసం సభ పెట్టినప్పుడు ఊరి పెద్దలంతా రచ్చబండ దగ్గర కూర్చుని ఒక నిర్ణయం చేశారు. మనం వెళ్లకపోతే సభ జరగదు, సభ జరగకపోతే గని రాదు అని. వినడానికి బాగానే ఉంది. నల్లజెండాలు పట్టుకుని రోడ్డు మీద బైఠాయించారు. మీ తాతయ్యా వాళ్లలోనే ఉన్నాడు. చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు. ఏటా వేసవిలో బావిలోకి తాడు దించి, నీళ్లు ఎన్ని మూరల కింద ఉన్నాయో అందులో రాసేవాడు. గని తవ్వకం మొదలైతే ఆ బావి ఏమవుతుందో చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. అది జేబులోనే ఉండిపోయింది.

సభకు ఇంతమంది రావాలన్న కోరమేమీ లేదమ్మా. ఉన్నవాళ్లతోనే షామియానా కింద సభ సజావుగా జరిగింది. ఉద్యోగాలు కావాలన్నవాళ్లు మాట్లాడారు, రోడ్డు వెయ్యమన్నవాళ్లు మాట్లాడారు. మినిట్స్, అంటే సభలో ఎవరేమన్నారో రాసిన కాగితాలు, పంచాయతీ బోర్డుకు అంటించాక చదివాను. బావుల గురించి ఒక్క ముక్క లేదు. బయట గొంతులు చించుకున్న జనం గురించీ లేదు. గని వచ్చింది. మీ తాతయ్య ఆ పుస్తకం నాకెప్పుడూ చూపించలేదు, నేనూ అడగలేదు.

అందుకే చెబుతున్నాను, అలిగి బయట కూర్చోకు. అక్కడ చేతులెత్తించి లెక్కపెట్టరు, అది ఓటింగు కాదు. సభలో వచ్చిన అభ్యంతరాలకు కంపెనీ తుది నివేదికలో జవాబు రాయాలి, అది అనుమతి ఇవ్వొచ్చో లేదో సిఫారసు చేసే నిపుణుల కమిటీ ముందుకు వెళ్తుంది. కాబట్టి రాతలోకి ఎక్కిందే మిగులుతుంది. మైకులో చెప్పేదంతా ముందే కాగితం మీద రాసి కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వు, నీ కాపీ మీద స్టాంపూ తేదీ వేయించుకో. వెయ్యనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపు. ఊరంతా ఒకే ఉత్తరం జిరాక్సు తీసి సంతకాలు పెట్టొద్దు. ఎవరి పొలం సంగతి వాళ్లు రాయాలి, సర్వే నంబరుతో సహా.

కోపం నీకు ముక్కు మీదే ఉంటుంది, ఎవరి పోలికో చెప్పనక్కర్లేదు. జాయింట్ కలెక్టర్ గారిని ఒక్క మాట తూలినా మర్నాడు పేపర్లో ఆ మాటే వస్తుంది, వాగు రాదు. కంపెనీవాళ్లు ఎదురుగానే ఉంటారు, నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారని నేరుగా అడుగు. అడిగే హక్కు నీకుంది.

సభ అయిపోగానే ఇంటికొచ్చేయకు. మినిట్స్ అక్కడే అందరికీ తెలుగులో చదివి వినిపించాలి. ఆకలేసినా, చీకటి పడినా, నీ అభ్యంతరం అందులో వినబడేదాకా కుర్చీ వదలొద్దు. రాయలేదంటే లేచి రాయమను. ఇదంతా వీడియో తీస్తారు కూడా.

ఒక్కదానివే వెళ్లకు. అత్తయ్యను తోడు పంపుతాను, మైకు ముందు కాకపోయినా పక్కన కూర్చుంటుంది. నీ అభ్యంతర పత్రం చిత్తుప్రతి ఆదివారంలోగా పంపు, సర్వే నంబర్లు నేను సరిచూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య