తప్పిపోతే వెంటపడి తరమకు, బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

మీరు మెట్టుగడ్డలో కొత్తింట్లో దిగారని, మీ కుక్క జిమ్మీ కూడా మీతోనే ఉందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమే గానీ, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. వినాయక చవితి దగ్గరికొచ్చింది. నిమజ్జనం రోజు డీజేలు, ఆ వెనకే దసరా, దీపావళి పటాకులు. జిమ్మీకి ఆ ఇల్లూ కొత్త, వాడా కొత్త. బెదిరి బయటికి ఉరికితే తిరిగి రావడానికి దారి తెలియదు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను. ఈ కాగితం దాచిపెట్టుకో.

మా కుక్క మల్లి ఒకసారి తప్పిపోయిందని నీకు తెలుసు. ఎట్లా దొరికిందో ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. దీపావళి రాత్రి ఎవరో వచ్చి పోతూ గేటు గొళ్లెం పెట్టలేదు. మా ఇంటి ముందే లక్ష్మీబాంబు పేలింది. మల్లి ఒక్క ఉరుకులో సందు దాటేసింది. నలుగురం బండ్లేసుకొని అరుచుకుంటూ వెంటపడ్డాం. మేం ఎంత అరిస్తే అది అంత దూరం పోయింది.

తెల్లారి దేవరకొండ రోడ్డు వైపు ఒక రైస్ మిల్లు వెనక, ఊక కుప్ప పక్కన కనబడింది. చెవులు వెనక్కి పడి ఉన్నాయి, తోక కడుపు కిందికి ముడుచుకుంది. మీ అన్న సంతోషం పట్టలేక "మల్లీ!" అంటూ పరుగెత్తాడు. అది మమ్మల్ని ముక్కూమొహం తెలియనివాళ్లను చూసినట్టు చూసి, లారీకి అడ్డంగా రోడ్డు దాటింది. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ నా కాళ్లు వణుకుతాయి. బాగా బెదిరిన కుక్కకు మనమెవరో కూడా గుర్తుండదు బిడ్డా. దాని వైపు పరుగెత్తే ప్రతి మనిషీ దానికి ప్రమాదంలాగే కనబడతాడు.

మూడో రోజు పొద్దున నాలుగున్నరకు నేనొక్కదాన్నే పోయాను. మల్లి రోజూ పెరుగన్నం తినే స్టీలు గిన్నె, ఒక చెంచా పట్టుకుపోయాను. దానికి ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి నేల మీద కూర్చున్నాను. దాని కళ్లలోకి చూడలేదు, పేరు పెట్టి పిలవలేదు. ఇంట్లో అన్నం పెట్టేటప్పటిలాగే చెంచాతో గిన్నె మీద రెండుసార్లు కొట్టి ఊరుకున్నాను. అరగంటకు ఊక కుప్ప వెనక నుంచి ముక్కు బయటికొచ్చింది. పొట్ట నేలకు ఆనించి పాక్కుంటూ వచ్చి ముందు నా చెప్పు వాసన చూసింది. ఆ తర్వాత తల తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అప్పుడు కూడా చటుక్కున పట్టుకోలేదు. కాసేపు మెడ నిమిరి, మెల్లగా గొలుసు తగిలించాను.

జిమ్మీ కనబడకపోతే నువ్వూ ఇట్లనే చెయ్యి. ఇంట్లో ఒకరు తప్పక ఉండాలి, గేటు తెరిచే ఉంచాలి, అది పడుకునే దుప్పటి గడప దగ్గర వెయ్యాలి. తనంతట తానే వచ్చే కుక్కలు చాలా ఉంటాయి. మిగతావాళ్లు ముందు చుట్టుపక్కల సందులు చూడండి. రద్దీ సద్దుమణిగే రాత్రి పూట, ఇంకా తెల్లారని పూట కుక్క బయటికొస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎంత తిరిగినా కాళ్ల నొప్పులే.

అడిగేటప్పుడు రోడ్డు మీద తిరిగేవాళ్లనే అడుగు. చీకటితోనే ఊడ్చే మున్సిపాలిటీ కార్మికులు, పాలవాళ్లు, పేపర్ వేసే పిల్లలు, చికెన్ సెంటర్ల వాళ్లు, చాయ్ బండివాళ్లు. మల్లి జాడ మాకు చెప్పింది రోడ్డు ఊడ్చే ఒక అమ్మ. పశువుల దవాఖానలో, మున్సిపాలిటీ ఆఫీసులో ఫోటో ఇచ్చి రా. కుక్కల బండి వాళ్లు పట్టుకుపోయారేమో కూడా అక్కడే అడుగు. కనబడితే పట్టుకోవద్దు, ఫోన్ మాత్రం చెయ్యమని అందరికీ చెప్పు. బహుమతి ఇస్తామను గానీ, ఎంతో రాయకు. పెద్ద మొత్తం చూస్తే కుర్రాళ్లు గుంపుగా తరుముతారు.

ఒక గుర్తు మాత్రం బయట పెట్టకు. జిమ్మీ కడుపు మీద మచ్చ ఉంది కదా, అది వాట్సాప్‌లో రాయొద్దు. "మీ కుక్క మా దగ్గరుంది, ముందు డబ్బులు పంపండి" అని ఫోన్లు వస్తాయి. ఆ మచ్చ ఎక్కడుందో అడుగు, వీడియో కాల్‌లో చూపించమను. చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపకు.

పిల్లిపిల్లను కూడా తెస్తావట. పిల్లి సంగతి వేరు. ఇంట్లో పెరిగిన పిల్లి బయటపడితే ఎక్కువ దూరం పోదు, ఎక్కడో నక్కి కూర్చుంటుంది. పిలిచినా పలకదు. మెట్ల కింద, సజ్జల మీద, పక్కిళ్ల స్టోర్ రూముల్లో, ఆపి ఉన్న కార్ల కింద వెతకాలి. అర్ధరాత్రి టార్చి వేస్తే కళ్లు మెరుస్తాయి.

దొరికాక ఒళ్లంతా తడిమి చూడు. గాయాలు, పిడుదులు, అరికాళ్ల పగుళ్లు ఉండొచ్చు. నీళ్లూ అన్నమూ కొంచెం కొంచెంగా పెట్టి డాక్టర్‌కు చూపించు. పట్టుకునేటప్పుడు నిన్ను గీరినా కరిచినా జిమ్మీయే కదా అని వదిలెయ్యకు. సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, సర్కారు దవాఖానకు పో.

ఇక ఇప్పుడే చెయ్యాల్సినవి. మెడ బెల్టుకు రేకు బిళ్ల చేయించి నీ నంబరూ అల్లుడి నంబరూ చెక్కించు. బెల్టు కింద రెండు వేళ్లు దూరాలి. అంతకన్నా వదులుగా ఉంటే వెనక్కి గుంజుకొని తల తప్పించుకుంటుంది. టీకాల పుస్తకం ఒకచోట పెట్టు. మైక్రోచిప్ వేయించగలిగితే మంచిదే. బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద వేస్తారు. అందులో 15 అంకెల నంబరు ఉంటుంది. కానీ అది కుక్క ఎక్కడుందో చెప్పదు. స్కానర్ పెట్టి చదివితేనే ఆ నంబరు తెలుస్తుంది. కాబట్టి చిప్ ఉందని బిళ్ల తీసెయ్యకు.

నిమజ్జనం రోజు, దీపావళి రోజు పొద్దుగూకక ముందే బయట తిప్పి తీసుకురా. తర్వాత లోపలి గదిలో కిటికీలు వేసి, ఫ్యాన్ పెట్టి, ఒకరు దాని దగ్గర కూర్చోండి. సిలిండర్ అబ్బాయి వచ్చినా, చుట్టాలొచ్చినా ముందు జిమ్మీని గదిలో పెట్టి, ఆ తర్వాతే గేటు తియ్యి.

మల్లి తప్పిపోయిన రాత్రి నా ఫోన్‌లో ఉన్నదల్లా అది పిల్లగా ఉన్నప్పటి ఫోటో. చూపిస్తే ఎవరూ పోల్చుకోలేకపోయారు. ఈ ఆదివారం వెలుగులో జిమ్మీని నిలబెట్టి పక్క నుంచి ఒకటి, ముఖానికి ఎదురుగా ఒకటి, నువ్వు పక్కన నిలబడి ఒకటి తీయించు. మూడూ నాకు కూడా పంపు, నా ఫోన్‌లోనూ ఉంటాయి.

మీ పెద్దమ్మ