పెరటి మందు మొక్కలు: విత్తినవి, వాటంతటవే మొలిచినవి

పూర్వం మన పెరళ్లలో మందు మొక్కలను నిజంగానే పెంచేవారా, లేక అడవి నుంచి తెచ్చుకునేవారా, ఇప్పుడు బాల్కనీలో ఆ అలవాటును మళ్లీ మొదలుపెట్టవచ్చా అని అడిగారు. మా అమ్మమ్మ పెరట్లో తిరిగి పెరిగినవాడిగా, ఆ తర్వాత కుతూహలం కొద్దీ కొంత చదివినవాడిగా చెబుతున్నాను. నాకు అర్థమైనంతవరకు, మందుకు వాడిన ఆకుల్లో చాలావాటిని ఎవరూ విత్తలేదు. పీకెయ్యకుండా వదిలిపెట్టారు, అంతే. పనిగట్టుకుని విత్తి, నీళ్లు పోసి పెంచినవాటిలోనే దూరదేశాల నుంచి వచ్చినవి కనిపిస్తాయి.

గోదావరి జిల్లాలోని ఆ ఊళ్లో మా అమ్మమ్మ తలనూనె కాచడానికి గుంటగలగర ఆకు వాడేది. నూతి పక్కన, వాడకం నీళ్లు పారే కాలవ గట్టున అది దానంతటదే మొలిచేది. కలుపు తీసే మనిషితో "దాని జోలికి పోకు" అని చెప్పడమే ఆవిడ చేసిన సేద్యం. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆకు కోసుకురమ్మంటే, పసుపు పూలున్న వేరే మొక్కను కోసుకొచ్చాను. ఆవిడ దాన్ని పక్కన పడేసి, చిన్న తెల్ల పూలున్న కొమ్మ ఒకటి తుంచి, నా అరచేతిలో నలిపి కాసేపు ఆగమంది. ఆకుపచ్చగా ఉన్న రసం చూస్తుండగానే నల్లబడింది. ఆకు దంచి పిండిన రసాన్ని నువ్వుల నూనెలో పోసి, సన్నని సెగ మీద కాచి, చిటపటలు పూర్తిగా ఆగాకే దించేది. చిటపట వినిపిస్తే నూనెలో ఇంకా నీరు ఉన్నట్టే, అలాంటి నూనె నిలవ ఉండదు. ఏళ్ల తరబడి ఆ నూనే రాసుకున్న మా తాతయ్యకు నలభై ఏళ్లకే జుట్టు నెరిసిందన్నది వేరే సంగతి.

ఇది మా ఇంటి పద్ధతి మాత్రమే కాదు. మేకలు, గొర్రెలు, ఆవులు కాసేవారికీ, అడవిలో ఉండేవారికీ ఓషధుల పేర్లు, రూపాలు తెలుసని చరక సంహిత మొదటి అధ్యాయంలోనే ఉంది. అయితే పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన వాడకం తెలిసినట్టు కాదని కూడా అక్కడే ఉంది. అలాగని సాగు అసలే లేదనలేము. కౌటిల్యుని అర్థశాస్త్రం వ్యవసాయాన్ని చూసే సీతాధ్యక్షుని విధులు చెబుతూ, వట్టివేరు వంటి పరిమళపు మొక్కలనూ ఓషధులనూ వాటికి తగిన నేలల్లోనూ, కుండల్లోనూ నాటించాలన్నది. కుండీల్లో పెంచడం బాల్కనీలతో పుట్టిన అలవాటేమీ కాదు.

ఇక విత్తేవాటిలో కొత్తిమీరనే తీసుకోండి. దాని పుట్టిల్లు మధ్యధరా, పశ్చిమాసియా ప్రాంతాలు. క్రీ.పూ. 14వ శతాబ్దంలో మరణించిన ఈజిప్టు రాజు టుటన్‌కామున్ సమాధిలో ధనియాలు దొరికాయి. ప్రాచీన గ్రీకుల మట్టి పలకల మీద కూడా వాటి పేరుంది. మన దేశానికి అది వచ్చిందీ నిన్నమొన్న కాదు. పాణిని సూత్రాల్లో కుస్తుంబురు అన్న మాట ఉంది. మన కొత్తిమీర, కన్నడిగుల కొత్తంబరి దానికి చుట్టాలే. (పుదీనా పేరైతే పారసీకం నుంచి వచ్చింది.) ఇంతకాలం మన మధ్య ఉన్నా, కొత్తిమీరను గుంటగలగరలా నూతి గట్టుకు వదిలేస్తే కుదరదు. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి కాబట్టి, అమ్మమ్మ వాటిని గోనెపట్టా మీద పోసి, చెక్కతో మెల్లగా నలిపి, బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లేది. నేను ఇదంతా మరిచి, కొట్టులో కొన్న ధనియాలను అలాగే మే నెలలో చల్లాను. మొలిచిన నాలుగు మొక్కలూ జానెడైనా ఎదగకుండానే పూతకు వచ్చాయి.

విత్తినవీ, వాటంతటవే మొలిచినవీ ఒకే మనిషి చేతికి వచ్చిన చోటు మన సామర్లకోట. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి అక్కడ ఉండి, కంపెనీ తోటలో మిరియాల వంటి ఆదాయపు పంటలు వేసి చూశాడు. దానితో పాటే చుట్టుపక్కల మొక్కలకు తెలుగు పేర్లు అడిగి రాసుకుని, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1793లో ఆయన కలకత్తా వెళ్లాడు. 1795 నుంచి లండన్‌లో అచ్చయిన కోరమాండల్ తీరపు మొక్కల సంపుటాల్లో 300 బొమ్మలున్నాయి. జ్వరాలకు సింకోనా బెరడుకు బదులుగా ఆయన పరీక్షించిన వాటిలో సోమిద బెరడు ఒకటి. ఆ చెట్టు శాస్త్రీయ నామం సోయ్మిడా, మన తెలుగు పేరే.

మీ బాల్కనీలో ధనియాలను అక్టోబరు, జనవరి నెలల మధ్య బద్దలు చేసి చల్లండి. గుంటగలగరకు ఎప్పుడూ తడి ఉండాలి. మా ఇంట్లో ఏసీ నీళ్లు కారే గొట్టం కింద పెట్టిన కుండీలో అది ఏపుగా వచ్చింది. ఏసీ ఆపేసిన వారానికే వడలిపోయింది కాబట్టి ఇప్పుడు రోజూ చెంబుడు నీళ్లు పోస్తున్నాను. నర్సరీలో కొంటే మాత్రం పూల రంగు చూడండి, వీలైతే ఒక కొమ్మ తుంచి అరచేతిలో నలిపి కాసేపు ఆగండి.