పొగ ప్రయాణం రాసేటప్పుడు

చిరంజీవికి,

నీ ముసాయిదా చదివాను. "విద్యుత్ కేంద్రం పొగ వెయ్యి కిలోమీటర్లు పోయింది" అన్నావు. అంత దూరం పోయేది పొగగొట్టంలోంచి వచ్చిన సరుకు కాదు. బొగ్గులోని గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్‌గా బయటికొస్తుంది. ఒకటి రెండు రోజుల్లో కొంత నేలకు దిగిపోతుంది, కొంత సల్ఫేట్ రేణువులవుతుంది. మబ్బులో నీటిబొట్టు దొరికితే ఆ మార్పు గంటల్లోనే. మైక్రాన్‌కు, అంటే మీటరులో పది లక్షల వంతుకు, మించని ఆ రేణువులు వాన కడిగేదాకా, సుమారు వారం రోజులు, తేలుతూనే ఉంటాయి. ముతక బూడిద దగ్గర్లోనే రాలిపోతుంది. అన్నిటినీ 'పొగ' అనేస్తే అసలు విషయం జారిపోతుంది.

దూరం రాసేముందు లెక్క కట్టు. సెకనుకు 5 మీటర్ల గాలి రోజుకు 432 కిలోమీటర్లు మోసుకుపోతుంది. అయితే ఏ ఎత్తులో గాలి? రాత్రి నేల చల్లబడ్డాక దాన్ని అంటుకున్న గాలిపొర ఒకటి రెండు వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. ఎత్తైన గొట్టం వదిలింది ఆ పొరకు పైన, కింద ఎవరికీ తగలకుండా, తెల్లవార్లూ సాగిపోతుంది. పొద్దెక్కి నేల కాగాక కిందికి కలుస్తుంది, అప్పటికి ఊరు మారిపోయి ఉంటుంది. గొట్టం ఎత్తు పెంచితే దగ్గరివాళ్ళకు ఊరట, అంతే.

హైస్‌ప్లిట్ అనే కంప్యూటర్ నమూనాతో గాలి వచ్చిన దారిని వెనక్కి గీసేటప్పుడు ఒక్క ఎత్తుతో ఆగకు. 100, 500, 1000 మీటర్లు, మూడూ పెట్టు. గీతలు మూడు దిక్కులకు చీలితే ఆ రోజు మూలం ఫలానా అని రాయకు. గీత ఒక కేంద్రం మీదుగా పోయినా సాక్ష్యం కాదు: అక్కడ దాని ఎత్తెంత, దారిలో వాన పడిందా, కేంద్రం నడుస్తోందా?

యూనిట్లు మరీ జాగ్రత్త. ఒక శాతం గంధకమున్న టన్ను బొగ్గులో 10 కిలోల గంధకం ఉంటుంది. అదంతా కాలితే 20 కిలోల సల్ఫర్ డయాక్సైడ్. కొన్ని పట్టికలు గంధకం బరువు ఇస్తాయి, కొన్ని వాయువు బరువు. చూసుకోకుండా కలిపితే రెండింతల తేడా, సంపాదకుడికీ దొరకదు.

స్వీడన్ నేల శాస్త్రజ్ఞుడు స్వాంతె ఓడెన్ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. తమ దేశపు ఆమ్ల వర్షాల వెనుక పరాయి దేశాల గంధకం ఉందని ఆయన పత్రికలో రాసింది 1967లో. సరిహద్దులు దాటే వాయు కాలుష్యంపై దేశాల జెనీవా ఒప్పందం 1979లో. గంధకం 30 శాతం తగ్గించాలన్న హెల్సింకి ప్రోటోకాల్ 1985లో. మధ్య ఏళ్ళలో దేశదేశాల్లో వాననీళ్ళు పట్టి కొలిచారు. అక్కడ నిలబడి రాయి.

పాదరసం పేరా తీసెయ్. నెలల తరబడి గాలిలో తిరిగేదాన్ని వారంలో రాలేదాని పక్కన ఇరికించకు. సవరించిన ప్రతిలో ప్రతి గీతకూ ఎత్తు, తేదీ, గంట వేసి పంపు.